మౌత్‌వాష్ గుండెకు రక్షణ కాదు

సంపాదకులకు నమస్కారం.

బాక్టీరియాను చంపే టూత్‌పేస్టులు, మౌత్‌వాష్‌లు గుండెజబ్బును కూడా దూరంగా ఉంచుతాయన్న ప్రచారం తరచుగా కనిపిస్తున్నందున ఈ లేఖ రాస్తున్నాను. చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో గుండెజబ్బు ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజమే. అయితే పొగతాగడం, మధుమేహం ఈ రెండు జబ్బులకూ దోహదం చేస్తాయి కాబట్టి, ఒకటి మరొకదానికి కారణమని అంతమాత్రాన తేల్చలేము. 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సైతం ఈ సంబంధాన్ని అంగీకరిస్తూనే, చిగుళ్లకు చికిత్స చేస్తే గుండెజబ్బు ఆగుతుందనడానికి ఆధారం లేదని స్పష్టం చేసింది.

టూత్‌పేస్టుల మాట అటుంచి, ఏకంగా యాంటీబయాటిక్ మందులనే ప్రయోగించి చూశారు. ధమనుల్లో పేరుకునే కొవ్వు పూడికల్లో క్లమిడియా న్యుమోనియే అనే బాక్టీరియా కనబడటంతో, దాన్ని తొలగిస్తే గుండెపోట్లు తగ్గవచ్చన్న ఆశతో, సుమారు 4,000 మంది హృద్రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి వారానికోసారి అజిత్రోమైసిన్‌ను, మరో వర్గానికి మందు లేని మాత్రను ఏడాదిపాటు ఇచ్చారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల్లో మందు వల్ల గుండెకు ప్రయోజనమేమీ కనబడలేదు.

పైగా నోటిలోని బాక్టీరియా అంతా శత్రువు కాదు. నాలుకపై ఉండే కొన్ని రకాలు ఆహారంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. దాని నుంచి శరీరంలో తయారయ్యే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను వ్యాకోచింపజేస్తుంది. ఈ మేలుచేసే బాక్టీరియానూ చంపే క్లోర్‌హెక్సిడిన్ అనే మందున్న మౌత్‌వాష్‌తో రోజూ పుక్కిలించినవారిలో రక్తపోటు స్వల్పంగా పెరిగినట్లు కొన్ని చిన్న అధ్యయనాల్లో తేలింది. చిగుళ్ల వ్యాధికి దంతవైద్యుడు సూచిస్తే కొద్దిరోజులు వాడటం వేరు, గుండె కోసమని ఏళ్ల తరబడి వాడటం వేరు.

ఇటువంటి ప్రకటనలను అచ్చువేసే ముందు ఆధారాలు అడగవలసిందిగా పత్రికలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు