2024–25 వార్షిక నివేదిక: గుర్రాలు, తుపాకులు, మన ప్లాస్టిక్ కుర్చీలు

సభ్యులందరికీ నమస్కారం.

కిందటేడు సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాది ఏ సినిమాలు వేయాలన్న విషయం మీద ముప్పావుగంట వాదించుకుని, చివరికి పాత కౌబాయ్ సినిమాలు అని తేల్చారు. బ్లాక్ అండ్ వైట్ ప్రేమకథలు వేయమన్నవాళ్లు ఇంకా నా మీద అలిగే ఉన్నారు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం, మన కమ్యూనిటీ హాల్లో, పన్నెండు ప్రదర్శనలు అనుకున్నాం. పదకొండు జరిగాయి. జరగని ఒక్కటీ ఎందుకు జరగలేదో విజయవాడలో ఉన్న ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా దాని దగ్గరికి వస్తాను.

ముందుగా ఒక మాట. కౌబాయ్ అంటాం గానీ, మనం చూసిన వాటిలో పశువులు తోలుకెళ్లినవాడు ఒక్కడూ కనపడలేదు. అందరూ షెరీఫులూ, దొంగలూ, తలకి వెల కట్టిన నేరస్తుల్ని పట్టిచ్చి బతికేవాళ్లూనే. షెరీఫ్‌కీ మార్షల్‌కీ తేడా ఏమిటని మొదటి రోజే ప్రశ్న వచ్చింది. షెరీఫ్ జనం ఓట్లతో వచ్చేవాడు, మార్షల్‌ని పైవాళ్లు నియమిస్తారు అని చెప్పాను. "అయితే మన మునసబూ, పోలీసు ఇన్‌స్పెక్టరూ అనుకుందాం" అని మన తెలుగు మాస్టారు తీర్పిచ్చేశారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అందుకోలేని పెద్దవాళ్ల కోసం ప్రతి సినిమాకీ ఒక పేజీ సారాంశం తెలుగులో రాసి, జిరాక్స్ తీయించి పంచింది ఆయనే. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నా దృష్టిలో మొదటిది అదే.

ఏప్రిల్లో 1903 నాటి 'ది గ్రేట్ ట్రైన్ రాబరీ'తో మొదలుపెట్టాం. పట్టుమని పావుగంట లేదు. పడమటి ఎడారి కథని తూర్పు తీరాన ఉన్న న్యూజెర్సీలో తీశారంటే, సినిమావాళ్ల మాయ ఆ రోజుల్లోనే మొదలైందన్నమాట. అందులో దొంగ నేరుగా మన వైపు తిరిగి తుపాకీ పేల్చినప్పుడు, ముందు వరసలో కింద కూర్చున్న ఒక బుడతడు టక్కున తల వంచాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ తుపాకీ పనిచేస్తోంది.

ఆ వెంటనే దర్శకుడు జాన్ ఫోర్డ్ తీసిన 'స్టేజ్‌కోచ్' (1939) వేశాం. జాన్ వేన్ కనపడే మొదటి షాట్‌ని రెండుసార్లు వెనక్కి తిప్పి చూపించాను. బండి ఆపమని చేత్తో తుపాకీ గిర్రున తిప్పుతూ నిలబడతాడు, కెమెరా అతని మొహం మీదకి దూసుకెళ్తుంది. ఆ దూకుడులో ఒక్క క్షణం ఫోకస్ పోయి, మళ్లీ వస్తుంది. ఇవాళైతే ఎడిటింగ్‌లో పడేసేవారు. ఆ తడబాటుతోనే ఒక స్టార్ పుట్టాడు. అరిజోనా, యూటా సరిహద్దులో ఉన్న మాన్యుమెంట్ వ్యాలీలో తీశారు, అది నవాహో తెగవారి భూమి. సినిమాలో బండి మీద దాడి చేసే అపాచీ తెగవాళ్లుగా నటించిందీ ఆ నవాహోలే. డిగ్రీ చదువుతున్న మన సభ్యురాలు ఒకమ్మాయి లేచి, "వాళ్ల నేల మీద సినిమా తీసి, వాళ్లకే ఒక్క డైలాగ్ కూడా ఇవ్వలేదేం సార్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మే నెలలో 'ది సెర్చర్స్' (1956) చూసినప్పుడు ఆ ప్రశ్న ఇంకా గట్టిగా వచ్చింది. అందులో హీరో తెల్లవాడే, కానీ అతని మనసులోని ద్వేషం చూస్తుంటే భయం వేస్తుంది. ఏళ్ల తరబడి వెతికిన మేనకోడలు కోమాంచీ తెగవాళ్లలో కలిసిపోయిందని, ఆమెనే చంపేద్దామనుకుంటాడు. చివరికి ఎత్తుకుని ఇంటికి తెస్తాడు, తాను మాత్రం గుమ్మం బయటే ఉండిపోతాడు. ఎడమ చేత్తో కుడి మోచేయి పట్టుకుని నిలబడటం, గాలికి దుమ్ము, తలుపు మూసుకోవడం. హాల్లో లైట్లు వేశాక కూడా కాసేపు ఎవరూ లేవలేదు. వేడికి కూలర్ల ముందు నుంచి లేవలేదని మన కోశాధికారి అభిప్రాయం.

జూన్‌లో 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్' (1960) బాగానే ఆడింది. దాని అసలు కథ జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్' అని తెలిసినవాళ్లు పక్కవాళ్లకి చెబుతూ కూర్చోవడంతో సగం డైలాగులు వినపడలేదు, అంతే. ఇలాంటి అప్పులు అన్నీ సాఫీగా జరగలేదని ఆ రోజు చర్చలో చెప్పుకున్నాం. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'ని కురొసావా 'యోజింబో' నుంచి అడగకుండా ఎత్తేశాడు. కేసు పడింది, చివరికి వసూళ్లలో 15 శాతం జపాన్ వాళ్లకి ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ సినిమా అమెరికాలో 1967 దాకా విడుదలే కాలేదు.

జూలై ప్రదర్శన గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, రాకపోయినవాళ్లు కుళ్లుకోవాలి కాబట్టి. ఆ లియోనే తీసిన 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' (1965) టైటిల్స్ మొదలయ్యాయి. ఈల వినిపించింది, దాని వెనక 'బొయ్ బొయ్' మని ఒక లోహపు మోత. మూడో వరసలో కూర్చున్న మన విద్వాంసుడు గారు ఆపండాపండని అరిచారు. ఆయన ముప్పై ఏళ్లుగా కచేరీల్లో మృదంగం పక్కన కూర్చునే మనిషి. "ఇది మన మోర్సింగే!" అని జేబులోంచి తీసి, పళ్ల మధ్య పెట్టుకుని, తెర మీది మోతకి తాళం కలిపి వాయించేశారు. నిజంగా మోర్సింగే. ఇటలీలో సిసిలీ దీవి జానపదులు వాయించే వాద్యం, సంగీత దర్శకుడు ఎనియో మొరికోనె దాన్ని తెచ్చి టెక్సాస్ కథలో పెట్టాడు. లియోనె, మొరికోనె చిన్నప్పుడు ఒకే క్లాసులో చదువుకున్నవాళ్లు. సినిమా పది నిమిషాలు ఆగింది, ఎవరూ విసుక్కోలేదు.

ఆగస్టులో 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966). వంతెన పేల్చే సీన్‌కి సరిగ్గా ఐదు నిమిషాల ముందు కరెంట్ పోయింది. ఆ చీకట్లో టైంపాస్‌కి అసలు సంగతి చెప్పాను. సినిమా తీసింది స్పెయిన్‌లో, ఆ వంతెన అక్కడి సైన్యం కట్టిచ్చింది. సైగ అర్థంకాక, కెమెరాలు ఆన్ కాకముందే దాన్ని పేల్చేశారు. సైన్యమే మళ్లీ కట్టింది, మళ్లీ పేల్చారు. మనకి కరెంట్ నలభై నిమిషాల్లో వచ్చింది, కాబట్టి మనమే నయం. చివరి పోరాటం జరిగే శ్మశానం కూడా ఆ సైనికులు వేసిన సెట్టే, ఐదు వేలకి పైగా సమాధులు. తర్వాత దాని మీద గడ్డి పెరిగి కనపడకుండా పోయింది. 2015లో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సంఘంగా ఏర్పడి, సెలవు రోజుల్లో పారలు పట్టుకొచ్చి తవ్వి బయటికి తీశారు. 15 యూరోలు చందా ఇచ్చినవాళ్ల పేరు ఒక శిలువ మీద రాసేవారట. ఇది వినగానే మన కోశాధికారి గారి కళ్లు మెరిశాయి. మన సంఘంలో అయితే చందా కట్టనివాళ్ల పేర్లు రాయాలన్నారు. కార్యవర్గం ఆ ప్రతిపాదనని ప్రస్తుతానికి వాయిదా వేసింది.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి ఉంది, నివేదికలో రాయనని అనుకున్నాను గానీ రాస్తున్నాను. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ప్రతిసారీ గ్రూపులో మెసేజ్ పెట్టాను: కుర్చీలు సర్దడానికి గంట ముందు నలుగురు రండి అని. బొటనవేలు గుర్తులు ఇరవై దాకా వచ్చేవి. మనుషులు ఇద్దరు వచ్చేవారు, అందులో ఒకడు వాచ్‌మన్ కొడుకు. ఆగస్టు ఆఖరున కార్యవర్గానికి రాజీనామా లేఖ కూడా రాసుకున్నాను.

సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగింది. మన వీధిలోకి నీళ్లు రాలేదు. ఆ ఉదయం హాలు తాళం ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వెళ్లేసరికి కుర్చీలన్నీ గోడకి చేర్చి ఉన్నాయి. నేల మీద దుప్పట్లు పరిచి పులిహోర ప్యాకెట్లు కడుతున్నారు. మధ్యాహ్నానికి లోపల నిలబడటానికి చోటు లేదు. నేను పెట్టిన ఏ మెసేజ్‌కీ బదులివ్వని మనిషి ట్యూబు మీద పాలప్యాకెట్లు పెట్టుకుని నడుంలోతు నీళ్లలో వెళ్లొచ్చాడు. నాలుగైదు రోజులు అలాగే నడిచింది. ఆ నెల సినిమా వేయలేదు. రాజీనామా లేఖ నా దగ్గరే ఉంది.

అక్టోబర్‌లో 'హై నూన్' (1952) వేస్తానని ఎప్పుడో ప్రకటించాం, అదే వేశాం. మాస్టారు దాని పేరు 'నడినెత్తిన సూర్యుడు' అని తర్జుమా చేశారు. గ్యారీ కూపర్ మార్షల్. పెళ్లయిన రోజే, తాను జైలుకి పంపినవాడు పన్నెండు గంటల రైలుకి దిగుతున్నాడని కబురు వస్తుంది. కథ పదిన్నర దాటాక మొదలై మిట్టమధ్యాహ్నం దాటి కాసేపటికి ముగుస్తుంది, సినిమా నిడివీ దాదాపు అంతే, గంటన్నర లోపు. ఆ సమయమంతా అతను ఇల్లిల్లూ తిరిగి సాయం అడుగుతాడు. చర్చిలో జనం లేచి చక్కగా ఉపన్యాసాలిస్తారు, ఒక్కడూ వెంట రాడు. ఒక స్నేహితుడు ఇంట్లోనే ఉండి, లేడని భార్య చేత చెప్పిస్తాడు. ఆ సీన్‌లో హాలంతా నా వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను. సెప్టెంబర్ ముందు అయితే నవ్వేవాణ్ని కాదేమో.

రైలు వచ్చే షాట్ దగ్గర మన రిటైర్డ్ రైల్వే గార్డు గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఆ పొగ చూడండి, బ్రేకు పట్టట్లేదు" అన్నారు. ఆయన అన్నది నిజం. పట్టాల మీద కెమెరా పెట్టుకుని పడుకున్న దర్శకుడు ఫ్రెడ్ జినెమన్‌కి ఆ నల్లపొగ ప్రమాద సూచన అని తెలియదు, అందంగా ఉందనుకున్నాడట. ఆఖరి క్షణంలో మనుషులు తప్పించుకున్నారు, కెమెరా నుజ్జయింది, రీలు బతికింది. మనం చూసింది ఆ రీలే.

రచయిత కార్ల్ ఫోర్‌మన్ ఈ కథ రాసింది అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తున్న రోజుల్లో. విచారణకి పిలిచారు, తోటివాళ్ల పేర్లు చెప్పనన్నాడు, హాలీవుడ్‌లో పని దొరక్క ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. సాయం అడిగితే మొహం చాటేసే ఊరు ఎక్కడిదో ఇక వేరే చెప్పాలా. జాన్ వేన్‌కి ఈ సినిమా అంటే ఒళ్లు మంట. విచిత్రం ఏమిటంటే, కూపర్ ఊళ్లో లేకపోతే అతని ఆస్కార్‌ని వేదికెక్కి తీసుకున్నది ఆ వేనే.

వేన్, దర్శకుడు హోవర్డ్ హాక్స్ కలిసి దీనికి జవాబుగా 'రియో బ్రావో' (1959) తీశారు. నవంబర్‌లో అదే. నిజమైన షెరీఫ్ ఇల్లిల్లూ తిరిగి బతిమాలడు, తన పని తాను చేసుకుంటాడు అన్నది హాక్స్ వాదన. కానీ అందులో వేన్ వద్దంటున్నా ఒక తాగుబోతు, ఒక కుంటి ముసలాయన, ఒక కుర్రాడు వచ్చి చేరుతూనే ఉంటారు. ఆ రాత్రి వాదన పదకొండు దాకా సాగింది. అడగడం చిన్నతనమని సగం మంది, అడగకపోతే ఎవరికి తెలుస్తుందని సగం మంది. గార్డు గారు ఒక్క మాటన్నారు: "కుర్చీలు సర్దమంటే రాం. వరదొస్తే వస్తాం. మీరు సినిమాకి తగ్గట్టు పిలవాలి." మినిట్స్ బుక్‌లో యథాతథంగా రాయించాను.

డిసెంబర్ 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) మొదటి పది నిమిషాలు దాదాపు మాటలే లేవు. గాలిమర కిర్రుమంటుంది, టోపీ మీద నీటిచుక్క పడుతుంది, ఒకడు ఈగని తుపాకీ గొట్టంలో పట్టి దాని చప్పుడు వింటాడు. మాస్టారు సారాంశం అవసరం లేకుండా అందరికీ అర్థమైన ఏకైక ఘట్టం. మంచివాడి వేషాలకి పేరుపడ్డ హెన్రీ ఫోండా ఇందులో పిల్లవాణ్ని కాల్చే దుర్మార్గుడు. విలన్‌లా కనపడాలని గోధుమరంగు లెన్సులు పెట్టుకొస్తే లియోనె తీయించేశాడు, ఆయనకి కావలసింది ఆ నీలికళ్లే.

సంక్రాంతికి 'మెకన్నాస్ గోల్డ్' (1969). వద్దన్నాను. కళాఖండాల మధ్య ఇదేమిటన్నాను. అమెరికాలో పెద్దగా ఆడని ఆ సినిమా మన దేశంలో మళ్లీ మళ్లీ విడుదలై ఏళ్ల తరబడి ఆడింది. అరవై దాటిన సభ్యులందరికీ అది సినిమా కాదు, వాళ్ల కుర్రతనం. హాలు నిండి, బయట వరండాలోనూ కూర్చున్నారు. రాతిస్తంభం నీడ పొద్దున్నే సాగి సాగి కొండ దారి చూపించేటప్పుడు ఈలలు వేసింది మనవలు కాదు, తాతలు. క్లైమాక్స్‌లో కొండలు కూలడం బొమ్మలని ఇప్పుడు తెలిసిపోతోంది. ఆ మాట అన్నందుకు నన్ను కూర్చోమన్నారు.

ఫిబ్రవరిలో మన సొంత సరుకు, 1971 నాటి 'మోసగాళ్ళకు మోసగాడు'. తెనాలి సభ్యులు బుర్రిపాలెం బుల్లోడు, హీరో కృష్ణ కోసం ప్రత్యేకంగా బజ్జీల ఖర్చు పెట్టుకున్నారు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన. మన నేల మీద గుర్రాలూ తుపాకులూ ఎలా వస్తాయన్న చిక్కుని ఆరుద్ర దొరల కాలానికీ, సంస్థానం నిధికీ ముడిపెట్టి విప్పారు. ఇటలీవాళ్లు స్పెయిన్‌లో అమెరికాని తీస్తే, మనవాళ్లు రాజస్థాన్ ఇసుకలో తీశారు, 'ట్రెజర్ హంట్' పేరుతో ఇంగ్లీషులోకీ వెళ్లింది. 2023లో కృష్ణ జయంతికి 4కెలో మళ్లీ విడుదలైనప్పుడు చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు.

మార్చిలో 'అన్‌ఫర్గివెన్' (1992) తర్వాత చీటీలు పంచి ఓట్లు వేయించాం. 'హై నూన్' గెలుస్తుందని నా అంచనా. గెలిచింది 'మెకన్నాస్ గోల్డ్'. మళ్లీ లెక్కపెట్టించాను. తేడా రాలేదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. పెద్ద ఖర్చు ప్రొజెక్టర్ ల్యాంపు. పాతది వారంటీలోనే పోయింది, దుకాణంవాళ్లు ఇంకా రేపూ మాపూ అంటున్నారు. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టాలి. వచ్చే ఏడాదికి పాత జానపదాలు, డిటెక్టివ్ సినిమాలు అని రెండు ప్రతిపాదనలు వచ్చాయి.

సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం ఉదయం పదిన్నరకి. మిట్టమధ్యాహ్నానికల్లా ముగించాలి, భోజనాలున్నాయి. కుర్చీలు సర్దడానికి తొమ్మిదిన్నరకి నలుగురు కావాలి.

ఇట్లు
కార్యదర్శి