అనుమతి చేతికి వచ్చాకే పార్కు తేదీ ఖరారు

మాతో ప్రకటన చిత్రాలు, వేడుకలు చేయించుకునే వారందరికీ నమస్కారం. పబ్లిక్ పార్కులో తలపెట్టే ఏ పనికైనా ఇకపై పార్కు యాజమాన్యం నుంచి రాతపూర్వక అనుమతి అందిన తరువాతే తేదీని ఖరారు చేస్తాం. అంతవరకు మనం అనుకున్నది తాత్కాలిక తేదీ మాత్రమే కనుక, దానిని నమ్ముకొని ఆహ్వానాలు అచ్చు వేయించవద్దని, నటీనటులకు ప్రయాణ టికెట్లు కొనవద్దని ముందే కోరుతున్నాం. ఈ నిర్ణయం వల్ల తొందరలో ఉన్నవారు మరొకరి దగ్గరకు వెళ్తారని తెలిసే తీసుకున్నాం.

పార్కు అందరిదీ అయినప్పుడు అనుమతి దేనికని కొందరు అడుగుతున్నారు. నడకకు వచ్చినవారికి ఉన్న హక్కు మనకూ ఉంది. అయితే పచ్చికలో కొంత భాగానికి తాడు కట్టి గంటల తరబడి ఇతరులను రానీయకపోవడం, దారిలో లైట్ స్టాండ్లు నిలపడం, స్పీకర్లు మోగించడం ఆ హక్కులోకి రావు. దరఖాస్తు చూసే అధికారి ప్రధానంగా అడిగేది మన చిత్రం గురించి కాదు. ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఉంటారు, వాహనాలు ఎక్కడ ఆపుతారు, శబ్దం ఎంత, చెత్త ఎవరు ఎత్తుతారు అన్నవే ఆయన ప్రశ్నలు.

అమెరికాలో 2025 జనవరిలో వచ్చిన ఎక్స్‌ప్లోర్ చట్టాన్ని చూపించి, చిన్న బృందానికి పర్మిట్ అక్కర్లేదని వాదించేవారూ ఉన్నారు. ఆ చట్టంలో చిత్రీకరణ గురించిన ఈ భాగం అక్కడి జాతీయ పార్కులకు వర్తిస్తుంది. బృందంలో ఐదుగురికి మించకుండా, చేత్తో పట్టుకొనే పరికరాలతోనే, సందర్శకులకు తెరచి ఉన్న చోట, ఎవరినీ అడ్డుకోకుండా తీస్తే, అది వాణిజ్య చిత్రమైనా కాకపోయినా పర్మిట్ గాని రుసుము గాని అవసరం లేదని, మరికొన్ని షరతులతో కలిపి, అది చెబుతుంది. నగర పార్కుల నిబంధనలు వేరు. పైగా మేకప్ టెంటు, జనరేటర్, ఇరవైమంది సిబ్బంది కావాలన్నవారు ఈ మినహాయింపును ప్రస్తావించడం కొంచెం విచిత్రమే.

జాప్యం ఎక్కువగా కాగితాల దగ్గరే జరుగుతుంది. ప్రత్యేక వేడుకకు, వాణిజ్య చిత్రీకరణకు చాలాచోట్ల వేర్వేరు దరఖాస్తులు ఉంటాయి. కొత్త వస్తువును ఆవిష్కరించే వేడుకనే ప్రకటనగా చిత్రీకరించాలంటే రెండూ కావలసి రావచ్చు. ఇతరులకు గాయమైనా, ఆస్తి దెబ్బతిన్నా పరిహారం చెల్లించే బీమా పత్రం అడుగుతారు. అందులో పార్కు యాజమాన్యాన్ని కూడా బీమా రక్షణ పొందేవారిగా చేర్చమనడం మామూలే. ఆ పేరు వారు కోరినట్టే లేకపోతే పత్రం తిరిగి వస్తుంది, బీమా సంస్థ సరిచేసి పంపేదాకా ఫైలు కదలదు.

ఇక నేల సంగతి. టెంటు మేకులు పచ్చిక కింద ఉన్న నీటి గొట్టాలనూ విద్యుత్ తీగలనూ ఛేదించగలవు కాబట్టి, మేకులకు బదులు బరువులు వాడమంటారు. చెట్ల కింద భారీ వాహనాలు నిలిపితే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి, నీరు అందవు. ఆ నష్టం వెంటనే కనిపించదు, తరువాత ఎప్పుడో చెట్టు ఎండుతుంది. ఈ షరతులు న్యాయమైనవేనని మా అభిప్రాయం. డ్రోన్‌కు విమానయాన నియంత్రణ సంస్థ నిబంధనలు పాటించడంతో పాటు పార్కు సమ్మతి కూడా ఉండాలి.

ఖర్చు విషయానికి వస్తే, పార్కు వసూలు చేసే రుసుమును రసీదుతో సహా ఉన్నదున్నట్టు మీ బిల్లులో చూపిస్తాం, దరఖాస్తు పనికి మా రుసుము విడిగా ఉంటుంది. అనుమతి నిరాకరించినా దరఖాస్తు రుసుము సాధారణంగా తిరిగి రాదు. డిపాజిట్ మాత్రం స్థలాన్ని తనిఖీ చేసి, నష్టమేమీ లేదని తేల్చాక ఇస్తారు.

మీరు చేయవలసిందల్లా మనుషుల సంఖ్య, సామగ్రి జాబితా, కావలసిన వేళలు మొదటే నిక్కచ్చిగా చెప్పడం. పర్మిట్ వచ్చాక పొగ యంత్రమో, అదనపు వాహనమో చేరిస్తే పరిశీలన మళ్లీ మొదలు కావచ్చు. వాన పడితే పర్మిట్ దానంతట అదే మరుసటి రోజుకు మారదు గనుక, ప్రత్యామ్నాయ తేదీని కూడా దరఖాస్తులోనే అడుగుతాం. తేదీ మార్చలేని పని అయితే మొదటి సంభాషణలోనే చెప్పండి, పార్కుకు బదులు ప్రైవేటు స్థలం వెతుకుదాం.