మా అమ్మ వెన్ను ఆపరేషన్‌కు సాయపడ్డవాళ్లందరికీ

అమ్మ నడుస్తోంది. వాకర్ పట్టుకునే, అదీ పది పదిహేను అడుగులే, కానీ నడుస్తోంది. ఆపరేషన్ అయి రెండు నెలలు దాటింది. ఫోన్లు చేసినవాళ్లకు విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని చాలామంది అన్నారు, పెట్టడం లేదు. ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

ముందు ఊళ్లో తిరుగుతున్న మాట ఒకటి సరిచేయాలి. "మీ అమ్మకు రోబో ఆపరేషన్ చేసిందట గదా" అని మర్రిగూడలో టీకొట్టు దగ్గర ముగ్గురు అడిగారు. ఒక పెద్దాయనైతే, డాక్టర్ ఇంట్లో కూర్చొని రిమోట్ నొక్కుతాడా అన్నాడు. ఆ ఆస్పత్రిలో రోబో ఉంది, అయితే అది పక్క థియేటర్‌లో కిడ్నీ, ప్రొస్టేట్ కేసులకు వాడుతున్నారు. అమ్మకు వాడింది నావిగేషన్, అంటే డాక్టర్ చేతిలోని పనిముట్టు ఎముకలో ఎక్కడుందో స్క్రీన్ మీద చూపించే పద్ధతి.

మా మర్రిగూడ మండలం ఫ్లోరైడ్ నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది. అమ్మకు 58 ఏళ్లు. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చేసరికే యాభై ఏళ్ల బోరు నీళ్లు ఆమె ఎముకల్లో చేరిపోయాయి. మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది. అది మాకు అలవాటే. పోయిన దసరా తర్వాత ఇంకోటి మొదలైంది. నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయేది, ఊడినట్టు ఆమెకు తెలిసేది కాదు. ఉత్తకాలితో కొంత దూరం పోయాక, "నా చెప్పు ఏడ వడ్డదో సూడు కొడుకా" అనేది. మేం నవ్వేవాళ్లం. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక ఆస్పత్రిలో మోకాళ్లు అరిగాయన్నారు. మూడు ఇంజెక్షన్లు, మూడుసార్లు బిల్లు. కాళ్లు ఇంకా బరువెక్కాయి. అందుకే నా మొదటి దండం మా ఊరి ఆర్‌ఎంపీ అన్నకు. ఆయన ఇంకో సూది వేసి డబ్బులు తీసుకుంటే కాదనేవాడు లేడు. చెప్పు సంగతి వినగానే సూది పక్కన పెట్టేశాడు. "మోకాలు నొస్తది గానీ చెప్పు ఊడితే తెల్వకుండ చేయది తమ్మీ. ఇది ఎన్నులో ఉన్నది. రేపే పట్నం తీస్కపో" అన్నాడు.

ఎంఆర్‌ఐలో అదే తేలింది. వెన్నుపూసల వెనక రబ్బరులా సాగాల్సిన లిగమెంట్ గట్టిపడి, ఎముకగా మారి, లోపలికి పెరిగి వెన్నుపామును నొక్కుతోంది. ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే జబ్బు, బాగా ముదిరితే ఇలా అవుతుందట. నొక్కుతున్న ఎముకను తీసేయాలి, వెన్ను కదలకుండా స్క్రూలు వేయాలి. మామూలుగా అయితే థియేటర్‌లో ఎక్స్‌రే చూసుకుంటూ చేస్తారు. "అమ్మ ఎముక ఎక్స్‌రేలో సున్నం కొట్టిన గోడలా ఉంది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో అంచు దొరకదు. అందుకే నావిగేషన్ పెట్టుకుంటాం" అన్నారు డాక్టర్ గారు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆపరేషన్ ముందు రోజు రాత్రి టెన్షన్‌తో కారిడార్‌లో అటూ ఇటూ తిరుగుతుంటే థియేటర్ టెక్నీషియన్ తమ్ముడు ఆపి, ఏం పని చేస్తారన్నా అని అడిగాడు. డిండి ఎత్తిపోతల పనుల్లో సర్వే పార్టీలో ఉన్నానని చెప్పాను. "టోటల్ స్టేషన్ తెల్సా? అయితే నీకు చెప్పుడు అల్కగ" అని అక్కడే కుర్చీలో కూర్చున్నాడు.

నావిగేషన్‌లో స్టాండ్ మీద ఉండే కెమెరా మన టోటల్ స్టేషన్ లాంటిదట, అంటే సర్వేలో దూరాలు, కోణాలు కొలిచే మిషన్. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వదులుతుంది. సర్వేలో వెలుతురును తిప్పికొట్టే ప్రిజం బదులు ఇక్కడ గోలీల్లాంటి వెండిరంగు గుండ్లు ఆ వెలుతురును వెనక్కి కొడతాయి. ఆ గుండ్లున్న చిన్న ఫ్రేమ్ ఒకటి పేషెంట్ వెన్నుపూసకే బిగిస్తారు. అది బెంచ్‌మార్క్, కొలతలన్నీ దాన్నుంచే. డాక్టర్ చేతిలోని పనిముట్టుకూ గుండ్లుంటాయి. టేబుల్ మీద ఉండగానే పెద్ద రింగు లాంటి మిషన్‌తో స్కాన్ తీసి కంప్యూటర్‌కు ఇస్తారు. ఇక పనిముట్టు మొన ఎముకలో ఎక్కడుందో డాక్టర్‌కు స్క్రీన్ మీద కనిపిస్తూ ఉంటుంది. చెయ్యి మాత్రం డాక్టర్‌దే.

రోబోల కథ కూడా ఆ రాత్రే చెప్పించుకున్నాను, నిద్ర ఎలాగూ లేదు. 1908లోనే లండన్‌లో హార్స్‌లీ, క్లార్క్ అని ఇద్దరు జంతువు తలకు చట్రం బిగించి, కొలతల ప్రకారం మెదడులోకి సూది దించే పద్ధతి చెప్పారట. 1985లో అమెరికాలో ప్యూమా 560 అనే ఫ్యాక్టరీ చేతిని తెచ్చి, మెదడు బయాప్సీకి (పరీక్ష కోసం చిన్న ముక్క తీయడానికి) సూది దారి పట్టుకోవడానికి వాడారు. అందరూ పేరు విన్న డావిన్చీ అనే ఆపరేషన్ రోబోకు అమెరికాలో అనుమతి వచ్చింది 2000లో. అదీ తనంతట తాను కోయదు, కన్సోల్ దగ్గర డాక్టర్ వేళ్లు కదిలితేనే కదులుతుంది. టీకొట్టు పెద్దాయన మాట కూడా ఉత్త గాలి మాట కాదు: 2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న డాక్టర్లు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఒకామెకు రోబోతో పిత్తాశయం తీశారు. పెద్దాయనా, మీకు ఒక చాయ్ బాకీ.

ఆపరేషన్ రోజు నాలుగు గంటలన్నారు. ఐదు దాటింది, ఆరు దాటింది. చెల్లె ఏడుపు మొదలుపెట్టింది. చివరికి డాక్టర్ గారు బయటకొచ్చి, బాగానే జరిగింది అన్నాక, మేం అడగకుండానే ఆలస్యానికి కారణం చెప్పారు. మధ్యలో ఎవరి మోచెయ్యో ఆ ఫ్రేమ్‌కు తగిలిందట. చూడ్డానికి ఏమీ తేడా లేదు. అయినా ఆయన పాయింటర్‌ను చేతికి స్పష్టంగా తెలిసే ఒక ఎముక కొన మీద ఆనించి చూస్తే, స్క్రీన్ మీద అది దాదాపు మూడు మిల్లీమీటర్లు పక్కకు చూపించింది. వెంటనే పని ఆపారు. ఫ్రేమ్ మళ్లీ బిగించి, అందరూ బయటికొచ్చి, స్కాన్ మళ్లీ తీసి, మొదటి నుంచి సరిచూసుకుని అప్పుడు స్క్రూలు వేశారు.

ఇది చదివేవాళ్లలో సర్వే చేసేవాళ్లుంటే అర్థమవుతుంది. ట్రైపాడ్‌కు ఎవరి కాలో తగులుతుంది. ఎండ మాడ్చేస్తుంటుంది. మళ్లీ బ్యాక్‌సైట్ తీయాలి, అంటే ముందే తెలిసిన పాయింట్‌ను మళ్లీ చూసి సరిచూసుకోవాలి, కానీ ఏం కాదులే అని కానిచ్చేసిన రోజులు నాకున్నాయి. కాలువ గట్టు మూడు మిల్లీమీటర్లు జరిగితే అడిగేవాడు లేడు. అమ్మ వెన్నుపూసలో స్క్రూ పోయే దారి వెడల్పే ఆరేడు మిల్లీమీటర్లు, పక్కనే వెన్నుపాము. డాక్టర్ గారూ, ఆ ఎముక కొన మీద పాయింటర్ ఆనించి చూసినందుకు, చూసింది మాకు చెప్పినందుకు, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో నాకు తెలియడం లేదు.

రక్తం కావాలంటే రాత్రి పదకొండింటికి మా ఊరి పిల్లలు నలుగురు రెండు బైకుల మీద మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డు పట్టి వచ్చారు. పెట్రోలు డబ్బులిస్తే తీసుకోలేదు, బిర్యానీ మాత్రం కాదనలేదు. ఆరోగ్యశ్రీలో రాని ఖర్చులకు డబ్బు తక్కువ పడితే, ఆ నెల చిట్టీ ఎత్తుకోవాల్సిన మా వాడ పెద్దమ్మ తన వంతు నాకు వదిలేసింది. ఆమె ఇంటి రేకులు ఈ వానాకాలం కూడా కారుతున్నాయి. పెద్దమ్మా, దీపావళిలోపు నీ ఇంటి పని నాది.

వార్డులో రెండు గంటలకోసారి అమ్మను పక్కకు తిప్పిన ఆయమ్మకు, వద్దన్నా వినకుండా రోజూ లేపి నిలబెట్టిన దేవరకొండ ఫిజియో చెల్లెకు కూడా దండాలు. అమ్మ ఆమెను మొదటి వారం తిట్టింది. ఇప్పుడు ఆమె ఫోన్ చేస్తే నాకు ఇవ్వకుండా తనే మాట్లాడుతోంది.

పోయిన బలం అంతా తిరిగి రాదని డాక్టర్ గారు ముందే చెప్పారు. అరికాళ్లలో చీమలు పాకినట్టు ఇంకా ఉంది, మెడ ఎలాగూ తిరగదు. కానీ మొన్న గేటు దగ్గర చెప్పు ఊడింది, అమ్మ ఆగింది. వాకర్ పట్టుకుని నిలబడి, కాలితోనే వెతుక్కుని తొడుక్కుంది. నన్ను పిలవలేదు.

డాక్టర్ గారు ఒప్పుకుంటే వచ్చే నెలకల్లా కర్రకు మారుతుంది. అప్పుడు వాకర్ ఖాళీ. మన చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే అడగండి, డబ్బులేం వద్దు. ఎడమ వైపు ముందు కాలి రబ్బరు అరిగింది, అదొకటి మార్పించి ఇస్తాను.