పెట్టె పంపలేకపోయినా సరే, కోడలిని పుట్టింటికి తీసుకువెళ్ళు

రాజోలు,
15 నవంబరు 2025.

చిరంజీవి ప్రసాదుకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నాన్నగారు, నేను, పెద్దమ్మ అందరం క్షేమంగా ఉన్నాము. అక్కడ దుబాయిలో నీవు, కోడలు, పాప క్షేమమని తలుస్తాను.

మొంథా తుపాను గడిచి రెండు వారాలు దాటినా దొడ్డి ఇంకా ఒక కొలిక్కి రాలేదు. పడిపోయిన కొబ్బరిచెట్లను కోయించి ఒడ్డుకు లాగించాము గాని, నుయ్యి దగ్గరది మాత్రం ప్రహరీ మీదనే ఒరిగి ఉన్నది. దింపు తీసే మనుషులు ఊరంతా కలిపినా ఇద్దరో ముగ్గురో ఉండటం వల్ల మన వంతు రావడానికి ఆలస్యమవుతున్నది. వంటింటి మీద పెంకులు నీవు పంపిన సొమ్ముతో వేయించాము. ఆ సొమ్ము గురించి నీతో మాట్లాడవలసింది ఉన్నది, తరువాత రాస్తాను. కార్తికమాసం కనుక పెద్దమ్మ రోజూ తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేస్తానని పట్టుబడుతున్నది. దగ్గు వస్తున్నా వినదు. నీవు ఫోనులో ఒక మాట చెప్పు, నీ మాటయితే వింటుంది.

ఫోనులో చెప్పవలసిన దానికి ఉత్తరం ఎందుకు రాస్తున్నాననుకుంటావేమో. రాంబాబు ఇరవయ్యో తేదీన షార్జా బయలుదేరుతున్నాడు, వాడి చేతికి కొన్ని వస్తువులు ఇస్తున్నాను, వాటితోపాటు ఇదీ వస్తుంది. పైగా వీడియోలో మాట్లాడేటప్పుడు కోడలు పక్కనే ఉంటుంది, పాప ఫోను లాక్కుంటుంది. నేను అడగదలచినది కోడలి ఎదుట అడిగేది కాదు.

మొన్న ఆదివారం పాప నాతో, డిసెంబరులో మంచు చూడటానికి వెళ్తున్నామని, దానికి ఎర్రటి కోటు కొన్నారని చెప్పింది. నేను సరే అమ్మా అన్నాను. ఆ మరునాడే సుబ్బలక్ష్మి పిన్ని వచ్చి, మీరు ఈ సెలవులకు జార్జియా వెళ్తున్నారని, కోడలు ఈ ఏడు తన ఊరు వెళ్ళనన్నదని రాంబాబు చెప్పాడని అన్నది. పిన్ని మాటల్లో సగం తీసేయవలసినవే అని నాకు తెలుసు. అయినా ఆ వీడియోలో పాప మంచు మాట ఎత్తగానే కోడలు లేచి వంటగదిలోకి వెళ్ళిపోవడం నేను చూశాను.

అది అలా ఉంచు. మామిడికి ఈసారి పూత ఎలా ఉంటుందో తెలియడం లేదు, గాలికి కొమ్మలు బాగా విరిగాయి. నాన్నగారి మోకాలు ఫరవాలేదు, సాయంత్రం గట్టు దాకా నడిచి వస్తున్నారు. మన తుపాను 28వ తేదీ రాత్రి తీరం దాటితే, వారం తిరిగేసరికి నవంబరు 4న ఫిలిప్పీన్స్‌లో తుపాను వచ్చి సెబూ, నెగ్రోస్ దీవుల మీదుగా కోడలి పుట్టిల్లు ఉన్న ఇలోయిలో జిల్లా వైపుకే వెళ్ళింది. సెబూలో వరదలకు ఎంతమంది పోయారో పేపరులో చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సెప్టెంబరు ఆఖరున అదే సెబూలో భూకంపం, ఇప్పుడు ఈ వరద, అది చాలదన్నట్లు మళ్ళీ అయిదు రోజులకు ఉత్తరాన లూజాన్ మీద ఇంకొక పెద్ద తుపాను. కోడలి అమ్మ, మన వదినగారికి రెండు రోజులు ఫోను కలవలేదు. మూడోనాడు ఆమే ఫోటో పంపారు. ఇంటికి ఏమీ కాలేదు, అరటిచెట్లు మాత్రం పడిపోయాయి. దాని వెంటనే మరొక ఫోటో వచ్చింది. వీధి గదికి లేత ఆకుపచ్చ రంగు వేయించి, మంచం మీద కొత్త దుప్పటి పరిచి, కిటికీకి ఆల్చిప్ప రేకులతో చేసిన నక్షత్రం కట్టారు. వాళ్ళు దానిని పరోల్ అంటారు కదా, సెప్టెంబరు రాగానే కట్టేస్తారని కోడలు చెప్పేది. ఆ ఫోటో కింద ఆవిడ ఏమీ రాయలేదు. వస్తున్నారా అని నన్ను అడగలేదు. కూతురిని ఎందుకు తీసుకురావడం లేదని అల్లుడిని గాని, వియ్యపురాలిని గాని ఆవిడ ఎన్నడూ అడగరు. అడగకపోతే మనకు తెలియదా?

నాకు అర్థమైనంతలో విషయం ఇది. కోడలు పుట్టింటికి పంపే కానుకల పెట్టె దుబాయి నుంచి ఇలోయిలోకు ఓడలో చేరడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది గనుక, క్రిస్మస్‌కు అందాలంటే అక్టోబరు మొదటికే పంపాలి. ఈ ఏడు కోడలు పెట్టె పంపలేదు. రెండేళ్ళ క్రితం మన ఇంటికి వచ్చినప్పుడు ఆమె సంవత్సరం పొడుగునా ఒక్కొక్కటి కొని పెట్టెలో ఎలా సర్దుతుందో చెబితే నేను ఆశ్చర్యపోయాను. ఏడాదికి మూడుసార్ల దాకా, లక్షా యాభై వేల పెసోల విలువ వరకు సుంకం లేకుండా పంపుకోవచ్చునని కూడా ఆమే చెప్పింది. అటువంటి పిల్ల ఈ ఏడు పంపలేదంటే ఆ డబ్బు మరొక చోటికి వెళ్ళి ఉండాలి. ఆ చోటు నాన్నగారి మోకాలు, ఆ పైన ఇప్పుడు మన వంటింటి కప్పు. చేతిలో ఏమీ లేకుండా ఊళ్ళో దిగలేక, వెళ్ళనని తానే చెప్పి ఉంటుంది. నీవు కూడా పోనీలే అనుకొని, ఖర్చు తక్కువని జార్జియాకు టిక్కెట్లు చూసి ఉంటావు. నా ఊహ తప్పయితే తప్పని రాయి, నేను సంతోషిస్తాను.

పెళ్ళికి మేము కోడలి ఊరు మియాగావ్ వెళ్ళినప్పటి ఒక సంగతి నీకు తెలియదు, నీవు ఆ రోజు పత్రాల పని మీద ఊళ్ళోకి వెళ్ళావు. ఉదయం వదినగారు మమ్మల్ని చర్చికి తీసుకువెళ్ళారు. దానిని 1993లో ప్రపంచ వారసత్వ కట్టడాలలో చేర్చారని కోడలు ముందే చెప్పింది గాని, గోపురాల మధ్య గోడ నిండా కొబ్బరిచెట్టు, దాని పక్కన బొప్పాయి, జామ చెక్కి ఉంటాయని ఎవరు అనుకుంటారు? నాన్నగారు మన కోనసీమ శిల్పి ఎవరైనా వచ్చి చెక్కాడేమో అన్నారు. మేము ఇంటికి తిరిగి వచ్చేసరికి కోడలు అంతకు రెండు నెలల ముందు దుబాయిలో ఓడకెక్కించిన పెట్టె వాకిట్లో దిగి ఉన్నది. మేనత్తలు, పిన్నమ్మలు, జ్ఞానస్నానంలో కోడలు తల్లిగా నిలిచిన పిల్లలు, అందరూ చేరారు. సబ్బులు, తువ్వాళ్ళు, టూత్‌పేస్టు, పాలపొడి, మాంసం డబ్బాలు, చాక్లెట్లు, ఒక్కొక్కదాని మీద కాగితం ముక్క అంటించి పేరు రాసి ఉన్నది. అన్నీ పంచిన తరువాత వదినగారికి ఏమి మిగిలిందని నేను చూశాను. ఆవిడ ఖాళీ అట్టపెట్టెను చాకుతో అంచుల వెంబడి కోసి, చదును చేసి, లోపల తన మంచం మీద చాప కింద పరిచారు. కోడలు నల్ల స్కెచ్‌పెన్నుతో చిరునామా రాసిన వైపు పైకి ఉండేలా పరిచారు. దాని కింద అటువంటి అట్టలు ఇంకా ఉన్నాయి.

రాత్రి భోజనాల తరువాత ఆవిడా నేనూ మెట్ల మీద కూర్చున్నాము. కోడలు మధ్యన కూర్చొని ఆవిడ మాటలు నాకు చెప్పింది. వియ్యంకుడుగారు ఓడల్లో పనిచేసేవారు, ఆ జిల్లాలో ఇంటికొకరు ఓడ మీద ఉంటారట. ఒప్పందం ముగిసినప్పుడల్లా పెట్టెలు ముందు దిగేవి, వెనుక ఆయన దిగేవారు. ఒకసారి ఆయన ఉన్న ఓడ యజమాని దివాలా తీసి, నెలల జీతం ఎగవేసి, నావికులను ఏదో రేవులో దింపేశాడు. ఆయన చేతిసంచితో ఊరు చేరారు. మధ్యాహ్నం బస్సు దిగిన మనిషి, పెట్టె లేకుండా వీధిలో నడిస్తే నలుగురూ చూస్తారని చర్చి ముందు పార్కులో బల్ల మీద చీకటి పడేదాకా కూర్చున్నారు. కోడలికి అప్పుడు ఏడేళ్ళు. బడి నుంచి ఇంటికి వెళ్తూ ఆ పార్కు పక్కనుంచే నడిచింది, ఆయన టోపీ కిందికి లాక్కొని తల తిప్పుకున్నారట. రాత్రి తలుపు తట్టి లోపలికి వచ్చి, భోజనం చేస్తూ ఈ మాట చెబితే వదినగారికి పట్టరాని కోపం వచ్చింది. జీతం పోయినందుకు కాదు. రెండేళ్ళ తరువాత వచ్చిన మనిషి, పది నిమిషాల నడక దూరంలో ఇల్లు ఉండగా, పిల్ల ఎదురుగా వెళ్తుండగా, ఆ సాయంత్రమంతా పార్కు బల్లకు ఇచ్చినందుకు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ సాయంత్రం నాకు బాకీయే అని ఆవిడ అన్నారు. కోడలు ఈ మాట నాకు చెబుతూ మధ్యలో ఆగి, కాసేపటికి మళ్ళీ చెప్పింది.

ఆ తల్లికి పుట్టిన పిల్ల ఇప్పుడు తండ్రిలాగే చేస్తున్నది, ప్రసాదూ. పార్కుకు బదులు జార్జియా. మన వైపున కువైట్ నుంచి వచ్చేవాళ్ళు ఎంతమంది సూట్‌కేసు నిండలేదని ప్రయాణం వాయిదా వేయలేదు? అత్తరు సీసాలు, దుప్పట్లు ఎదురు చూసేవాళ్ళు ఉంటారు, కాదనను, వాళ్ళు రెండు రోజులు మాట అంటారు, ఊరుకుంటారు. వీధి గదికి రంగు వేయించిన మనిషి వేరు. మంచు వచ్చే ఏడు కూడా పడుతుంది. పాపకు అమ్మమ్మ ఇల్లు ఎలా ఉంటుందో తెలియవలసిన వయసు ఇది. పిల్లలు ఊహ తెలిసిన మొదటి రోజుల్లో ఎక్కడ తిరుగుతారో అదే తమ ఇల్లనుకుంటారు. నీవు మీ అమ్మమ్మగారి ఊరు సెలవుల్లో మానకుండా వెళ్ళినవాడివి, నీకు నేను చెప్పాలా?

చెప్పకూడదనుకుంటూనే పాఠం చెబుతున్నాను. చెప్పేది పూర్తిగా చెబుతాను. డిసెంబరు 16న మనకు ధనుర్మాసం మొదలవుతుంది, ఆ రోజునే వాళ్ళకు తెల్లవారుజాము పూజలు మొదలై 24 దాకా తొమ్మిది రోజులు జరుగుతాయి. చర్చి బయట అరటాకు వేసి, పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చే బిబింకా మన దిబ్బరొట్టెలాగే ఉంటుందని, తాను దానికోసమే చిన్నప్పుడు చీకటితో లేచేదానినని కోడలు నాతో అన్నది. తొమ్మిది రోజులూ మీకు కుదరకపోయినా, చివరి నాలుగు రోజులకు, 24 అర్ధరాత్రి భోజనానికి అందేలా వెళ్ళండి. మా ప్రయాణమప్పుడు వీసా కోసం ఎంత తిరిగామో నీకు గుర్తుండే ఉంటుంది. ఈ జూన్ నుంచి మన పాస్‌పోర్టు వాళ్ళను పద్నాలుగు రోజులకు వీసా లేకుండానే రానిస్తున్నారు, అయితే దానిని పొడిగించరు. నీకూ పాపకూ ఆ లెక్క వర్తిస్తుంది గనుక తిరుగు టిక్కెట్టు ఆ లోపలే ఉండాలి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకు పైగా ఉన్నదో లేదో ఈ రోజే తీసి చూడు. దిగడానికి ముందు మూడు రోజుల లోపల ఈ-ట్రావెల్ అని ఫోనులో నింపాలి, దానికి డబ్బు కట్టనక్కరలేదు, ఎవరైనా అడిగితే ఇవ్వవద్దు. ముఖ్యంగా కోడలి ఓఈసీ కాగితం. విదేశంలో ఉద్యోగం చేసేవాళ్ళు తిరిగి దేశం దాటేటప్పుడు అది లేకపోతే మనీలాలో ఆపేస్తారు. ఆమెకు నీకంటే బాగా తెలుసు, అయినా పనుల ఒత్తిడిలో మరచిపోతే నీవు గుర్తుచేయాలి. మనీలాలో విమానం మారడానికి మధ్యలో చాలినంత వ్యవధి పెట్టుకో, సామాను మళ్ళీ అప్పగించి ఇలోయిలో విమానం ఎక్కాలి. పాపకు బస్సు ప్రయాణం పడదు, నిమ్మకాయ దగ్గర ఉంచండి.

అక్కడికి వెళితే ఇక్కడికీ రావాలి, రెండు ఖర్చులు భరించలేనని నీవు లెక్క వేసి ఉంటే ఆ లెక్క చెరిపేయి. ఈ సంక్రాంతికి మీరు రానవసరం లేదు. నాన్నగారు కూడా ఇదే అంటున్నారు. ముగ్గుల్లో గొబ్బెమ్మలు పెట్టడానికి పాప లేదని నాకు ఉంటుంది, అది వేరే సంగతి. మేలో సెలవు దొరికితే మామిడిపళ్ళకు రండి.

ఇక సొమ్ము. నీవు పంపినదానిలో పెంకులకు, కూలీలకు పోగా సగానికి పైగా మిగిలింది. నాన్నగారు సోమవారం బ్యాంకుకు వెళ్ళి దానిని, పడిన చెట్ల దుంగలు అమ్మిన డబ్బును కలిపి నీ ఖాతాలో వేస్తారు. ఎందుకు వేశారని ఫోను చేసి ఆయనతో వాదించవద్దు, ఆయనకు కోపం వస్తుంది. టిక్కెట్లు డిసెంబరు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి, డబ్బు అందిన రోజునే తీసుకో.

రాంబాబు చేతికి ఇస్తున్నవి చూసుకో. ఆత్రేయపురం పూతరేకులు నాలుగు డబ్బాలు, నెయ్యి, బెల్లంతో చుట్టినవి, రెండు మీకు, రెండు వదినగారికి. చేతిసంచిలోనే పెట్టుకోండి, కింద సామానులో వేస్తే పొడి అయిపోతాయి. మోరి జీడిపప్పు చిన్న చిన్న పొట్లాలు కట్టించాను, మేనత్తలకు, పిన్నమ్మలకు, జ్ఞానస్నానపు పిల్లలకు ఒక్కొక్కటి. నాకు గుర్తున్నంతవరకు పేర్లు ఇంగ్లీషులో రాసి అంటించాను, తప్పులుంటే కోడలిని దిద్దమను, మిగిలినవాళ్ళవి తనను రాయమను. ఉప్పాడ చీర వదినగారికి కాదు, కోడలికి. వదినగారికి మెత్తటి నూలు దుప్పటి ఉన్నది. అత్తగారు పంపిన సామాను మోయడానికే వెళ్తున్నామని కోడలితో చెప్పు, అప్పుడు కాదనదు.

కోటు కొన్నారు కదా, పెట్టెలో అడుగున నాఫ్తలిన్ ఉండలు వేసి దాచండి. పాపకు పొడుగు పెరుగుతున్నది, ఒక కుట్టు విప్పుకునేలా ఉన్నదో లేదో చూడు. ప్రయాణపు తేదీలు ఖాయం కాగానే నాకు రాయి, వదినగారికి ముందు కోడలినే చెప్పనివ్వు.

ఇట్లు
మీ అమ్మ