నవంబరు 30 లోపు స్లాబు పడాలి, రెండో కవరు సంగతి కూడా చదవండి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

సూటిగా చెప్పేస్తాను. నవంబరు 30 లోపు మందిరం స్లాబు వేయకపోతే మేస్త్రీ సెంట్రింగ్ చెక్కలు విప్పుకుని వేరే పనికి పోతానంటున్నాడు, అదే జరిగితే ఈ క్రిస్మస్ ఆరాధన కూడా టార్పాలిన్ కిందే. పని మొత్తం 11 లక్షల పైచిలుకు, చేతిలో ఉన్నది ఏడున్నర, అందులోంచి ఇనుము కొట్టు బాకీ ఇంకా తీర్చాలి. పూర్తి లెక్క కోశాధికారి గారి పుస్తకంలో ఉంది, ఎవరైనా చూడొచ్చు, నేను రాస్తే తప్పులు పోతాయి.

ఈ స్థలం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. కెనడా బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, టెక్కలి, బొబ్బిలి తిరిగి సువార్త చెప్పిన కాలంలో మన ముత్తాతలు చింతచెట్టు కింద కూడుకున్న చోటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మందిరం రేకులన్నీ ఎగిరి గెడ్డలో పడ్డప్పుడు, జీడితోటలు నేలకొరిగి సొంతింటికి కప్పు లేనివాళ్లు కూడా ఇచ్చారు. వంటకి ముందు మందిరం కోసం తీసి పెట్టే పిడికెడు బియ్యాన్ని స్త్రీల సమాజం ఆ నెల కూడా ఆపలేదు. ఇప్పుడేమో హైదరాబాదులో, చెన్నైలో మంచి జీతాల మీద ఉన్న మన పిల్లలు వాట్సాప్‌లో ఆమేన్ పెట్టి ఊరుకుంటున్నారు. ఆమేన్‌కి సిమెంటు రాదు నాయనా.

ఇక రెండో కవరు. ఈసారి కానుక కవర్లు రెండు ఇస్తున్నాం, తెల్లది స్లాబుకి, పసుపుది మందుపాతరల వల్ల కాళ్లు పోయినవాళ్లకి. మందిరమే లేవలేదు, మధ్యలో ఇదేంటని కమిటీలోనే పెద్ద గొడవ. నాకూ మొదట నచ్చలేదు. దూడ సంగతి చెబితే గానీ అర్థం కాదు.

ఆగస్టులో మందిరం వెనక సెప్టిక్ ట్యాంకుకి గొయ్యి తవ్వించి, డబ్బుల్లేక అలాగే వదిలేశాం. వాన నీళ్లు నిండి, పైన ఆకూ అలమూ తేలి, గొయ్యి ఎక్కడుందో నేల ఎక్కడుందో తెలియకుండా అయింది. ఒక రాత్రి పక్కింటి ముసలమ్మ పెయ్య అందులో పడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. పొద్దున్నే ఆమె వచ్చి తిట్టలేదు. "ఏటి బాబూ, గొయ్యి తవ్వినోలికి మూత ఎయ్యాలని తెల్దా" అంది, అంతే. తొమ్మిది వేలు ఇవ్వాలా వద్దా అని మేం తర్జనభర్జన పడుతుంటే మన రిటైర్డ్ హవల్దారు గారు బైబిల్లో నిర్గమకాండం 21వ అధ్యాయం తీశారు. గొయ్యి తవ్వి కప్పనివాడు అందులో పడ్డ ఎద్దుకో గాడిదకో నష్టం కట్టాలని ఉంది. ఆ ఎద్దు మన సంఘస్తుడిదా కాదా అన్న ప్రశ్నే లేదక్కడ. ఇచ్చేశాం. (అదీ లెక్కలో ఉంది.)

ఆయన అక్కడితో ఆగలేదు. ప్యాంటు పైకి లాగి, కట్టుడు కాలు విప్పి బల్ల మీద పెట్టారు. ఇన్నేళ్లుగా ఆయన కుంటడం చూస్తున్నాం గానీ ఎలా పోయిందని అడిగినవాళ్లం కాదు. 2002లో రాజస్థాన్ సరిహద్దులో, మనవాళ్లు పాతిన మందుపాతరల్ని మనవాళ్లే వెలికితీస్తుంటే, మ్యాపులో ఉన్నచోట ఒకటి లేదు, ఇసుకతో పాటు జరిగిపోయింది. "మనం పెట్టిందే బాబూ, నన్ను గుర్తుపట్టలేదు" అన్నారు. మన తప్పు గొయ్యి కప్పకపోవడం. మందుపాతరని కప్పిపెట్టడం కోసమే చేస్తారు. తుపాకీ పట్టినవాడు ఎదుటివాడు చేతులెత్తితే ఆగొచ్చు, ఇది కాలి బరువు తప్ప ఏమీ చూడదు, కట్టెలకి వెళ్లిన ఆడమనిషైనా, మేకలు కాసే కుర్రాడైనా. ముప్పై ఏళ్ల తర్వాత పేలితే నష్టం ఎవరు కట్టాలి? పాతినవాడు చచ్చిపోయైనా ఉంటాడు, మంత్రైనా అయి ఉంటాడు. ఇదేదో దూరదేశం గొడవ అనకండి, సాలూరు దాటాక సుంకి దగ్గర 2017లో ఒడిశా పోలీసుల బండి మందుపాతరకి పేలిపోయింది.

మనుషుల మీద వాడే ఈ మందుపాతరల్ని వాడకూడదు, తయారు చేయకూడదు, దాచకూడదు, అమ్మకూడదు అని 1997 డిసెంబరు 3న ఒట్టావాలో, అంటే మనకి సువార్త తెచ్చినవాళ్ల దేశ రాజధానిలోనే, ఒప్పందం సంతకాలకి పెట్టారు. 1999 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, 160కి పైగా దేశాలు చేరాయి. మన దేశం చేరలేదు. పాకిస్తాన్, చైనా, రష్యా, అమెరికా కూడా అంతే. మన ప్రభుత్వమే సంతకం పెట్టనిది మనకెందుకని కోశాధికారి గారు అడిగారు. పొడుగాటి సరిహద్దు, చొరబాట్లు, అవన్నీ నిజమేనని హవల్దారు గారే ఒప్పుకుంటారు, అక్కడ కాపలా కాసింది ఆయనే కదా. కాపలా పెట్టండి, కళ్లున్నవాణ్ని పెట్టండి అన్నదే ఆయన మాట. 2025లో ఫిన్లాండ్, పోలండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా రష్యా భయంతో ఒప్పందం నుంచి తప్పుకుంటామని నోటీసులిచ్చాయి. వీధికో చర్చి ఉన్న దేశాలు. ఈ మాట వద్దని పాస్టరు అయ్యగారు అన్నారు, రాసేశాను.

పసుపు కవరు డబ్బు జైపూరు కాలు అనే కట్టుడు కాలు ఉచితంగా అమర్చే సంస్థకి పంపుతాం. 1975 నుంచి చేస్తున్నారు, ఆఫ్ఘనిస్తాన్ దాకా వెళ్లి అమర్చారు, ఆ కాలుతో చెప్పుల్లేకుండా పొలంలో నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. పిల్లలకైతే ఎదిగేకొద్దీ మార్చాలి, అందుకే ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే పని కాదిది. ఒప్పందంలో చేరమని మన ఎంపీ గారికి ఒక ఉత్తరం కూడా రాశాం, ఆరాధన అయ్యాక సంతకం పెట్టి వెళ్లండి.

సండేస్కూలు పిల్లలు అప్పుడే 340 రూపాయలు వేశారు. కంబోడియాలో మందుపాతరలు వాసన పట్టి చూపించిన మగావా అనే ఎలుకకి 2020లో బంగారు పతకం ఇచ్చారని చెప్పాం, దాని బరువుకి అవి పేలవు. పొలంలో ఎలుక కనిపిస్తే కర్ర తీసే పిల్లలు అరగంట కదల్లేదు.

తెల్ల కవరు మాత్రం మరిచిపోకండి, మేస్త్రీ రోజూ ఫోన్ చేస్తున్నాడు. సెప్టిక్ ట్యాంకు గొయ్యి మీద ప్రస్తుతానికి పాత తలుపు చెక్కలు పరిచాం, ఆదివారం పిల్లల్ని అటు పోనివ్వకండి.

ఇట్లు,
మందిర నిర్మాణ కమిటీ తరఫున కార్యదర్శి