ముసాయిదా దశలోనే తెలుగు అక్షరాలను చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతిలో డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లే కాక పాత శతకాలు, స్థలపురాణాలు మళ్లీ అచ్చు వేయించుకునేవాళ్లు కూడా నా దగ్గరికి వస్తుంటారు. ఆ పరిచయంతోనే, స్కాన్ చేసిన పాత పుస్తకాల పాఠాన్ని సరిచేసే ఒక ఓపెన్ సోర్స్ (ప్రోగ్రాంను ఎవరైనా చూసి దిద్దగల) ప్రాజెక్టులో చేరాను. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య (కోడ్) కేటాయించే యూనికోడ్ ప్రమాణం మారినప్పుడల్లా అక్కడ పడే ఇబ్బంది మీ పాఠకులకూ తెలియాలని ఈ ఉత్తరం.

పాత అచ్చులో ‘వచ్చెన్’ లాంటి మాట చివర నకారప్పొల్లుకు ఒక ప్రత్యేక రూపం ఉండేది: ౝ. 2021 సెప్టెంబరులో యూనికోడ్ 14 వచ్చేదాకా దానికి కోడ్ లేదు. అందుకని కొందరు మామూలు ‘న్’ కొట్టి సరిపెట్టారు. ఇంకొందరు, ఎవరి అవసరానికి వాళ్లు వాడుకోమని వదిలిన ప్రైవేట్ కోడ్‌లలో ఒకదాన్ని తీసుకుని తమ ఫాంటులో ఆ బొమ్మ పెట్టుకున్నారు. ఆ ఫైలు ఇంకో ఫాంటులో తెరిస్తే డబ్బాలు కనిపిస్తాయి. అలా వచ్చిన ఒక శతకాన్ని అసలు పుస్తకం పక్కన పెట్టుకుని పద్యం పద్యం దిద్దాల్సి వచ్చింది.

కోడ్ వచ్చాకైనా కష్టం తీరలేదు. మా ప్రాజెక్టు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. ఏ కోడ్ ఏ అక్షరమో చెప్పే యూనికోడ్ పట్టికలు దానిలోనే ఉంటాయి. 2021 అక్టోబరులో విడుదలైన పైథాన్ 3.10లో ఉన్నవి యూనికోడ్ 13 పట్టికలే. 14 పట్టికలు 3.11తో, అంటే 2022 అక్టోబరులో వచ్చాయి. ఆ ఏడాదంతా పైథాన్ లెక్కలో ౝ అసలు అక్షరమే కాదు. అక్షరాలూ గుణింతాలూ ఉంచి మిగతా చెత్త తీసెయ్యమని రాసిన ప్రోగ్రాం ‘వచ్చెౝ’ను ‘వచ్చె’ చేసేసింది. ఎర్రర్ ఏమీ చూపించలేదు. చివర గురువు ఉండాల్సిన చోట లఘువు మిగిలి గణం చెడింది. ఛందస్సు తెలిసినవాళ్లు చదివితే తప్ప ఆ సంగతి బయటపడదు. ఆ మాత్రం చదవగలవాళ్లు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఎంతమంది ఉంటారు?

ఇలాంటి మార్పు వస్తోందని తెలిసినప్పుడు మాలో వాదన మొదలవుతుంది. కుర్రవాళ్లు ముసాయిదా చూడగానే కలిపేద్దామంటారు. అనుభవం ఉన్నవాళ్లు అంతా ఖరారయ్యాక చూద్దామంటారు. నాకు రెండూ సరి కాదనిపిస్తుంది. యూనికోడ్ కొత్త వెర్షన్‌కు కొన్ని నెలల ముందే ఆల్ఫా, బీటా పేర్లతో ముసాయిదా పెడతారు, ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. ప్రచురించేదాకా కోడ్ సంఖ్య మారవచ్చు, ఆ అక్షరమే ఆగిపోవచ్చు. ప్రచురించాక మాత్రం ఆ సంఖ్యను ఇంకెప్పుడూ మార్చరు, తీసెయ్యరు. కాబట్టి ముసాయిదా రాగానే ప్రోగ్రాంలో వేరే బ్రాంచ్ (అసలుదాన్ని ముట్టుకోకుండా ప్రయోగాలకు విడిగా ఉంచే ప్రతి) పెట్టి, అసలైన పద్యాలతో పరీక్షించి, ఎక్కడ తెగుతుందో చూసుకోవాలి. జనం చేతికి వెళ్లే ఫైళ్లలోకి మాత్రం, ఖరారయ్యేదాకా, ఆ కోడ్ ఒక్కటి కూడా పోకూడదు. ఏ విడుదల ఏ యూనికోడ్ వెర్షన్‌ను గుర్తిస్తుందో మొదటి పేజీలోనే రాయాలి. 2025 సెప్టెంబరులో వచ్చిన 17వ వెర్షన్‌లో పాతకాలపు ‘శ్రీ’ రూపం ఒకటి తెలుగు పట్టికలో చేరింది. దాన్ని టైపు చేసేముందు మన ఫాంటు, మన ప్రోగ్రాం దాన్ని గుర్తిస్తాయో లేదో తెలియాలి కదా!

పరీక్షకు కావలసిన మాటలు ఇవ్వగలవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, తాళపత్రాలు దాచిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. ౝ, ఴ, ఱ వచ్చే పద్యపాదాలు ఒక కాగితం మీద రాసిస్తే చాలు, ప్రోగ్రామర్లు వాటిని పరీక్షల్లో పెట్టుకుంటారు. ఎం.ఏ. తెలుగు పిల్లలకు ఇది మంచి పని, పైగా పండితులకు కంప్యూటర్ రావాల్సిన అవసరం కూడా లేదు.

మీ పత్రికకు ఒక మనవి. యూనికోడ్ ముసాయిదా మీద అభిప్రాయాలు తీసుకోవడం మొదలైనప్పుడు, అందులో తెలుగుకు సంబంధించినది ఏదైనా ఉంటే, గడువు తేదీతో చిన్న వార్త వెయ్యండి. జిల్లా పేజీలో నాలుగు లైన్లు వేసినా మాకు చాలు.

– ఒక డీటీపీ ఆపరేటర్, తిరుపతి