ఒరేయ్, ముందు నీ టెస్టు చేయించుకో

ఒరేయ్,

పిల్లల కోసం మీరిద్దరూ క్లినిక్‌కి వెళ్తున్నారన్న నీ మెసేజ్ చదివాను. ఫోన్లో చెప్తే సగం వినవు, మిగతా సగానికి అడ్డం పడతావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లెమ్మకి, అదే నీ ఆవిడకి, రాసిన టెస్టుల లిస్టు చాంతాడంత ఉంది, నీ పేరు మీద ఒక్కటీ లేదేంట్రా? పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఆ ఎక్స్‌రే చాలామందికి నొప్పి పెడుతుంది. నీదేమో వీర్యపరీక్ష, ఒక చిన్న డబ్బాతో తేలిపోయే పని. ముందు నువ్వు వెళ్ళు.

రిపోర్టులో మార్ఫాలజీ, అంటే సరైన ఆకారంలో ఉన్న వీర్యకణాలు, 4 శాతం అని ఉంటే గుండె జారిపోకు, డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం అది మామూలే. తేడా వస్తే ఒక్క రిపోర్టుతో తేల్చేసుకోకుండా మళ్ళీ చేయించు. వీర్యకణాలు తయారై బయటికి రావడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, కాబట్టి మధ్యలో గట్టి జ్వరం వచ్చినా ఆ దెబ్బ తర్వాత రిపోర్టులో కనిపిస్తుంది, సిగరెట్ మానినా ఫలితం అప్పటికిగానీ తెలీదు. ఇంకోటి, జిమ్‌లో ఎవడైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ అంటే దగ్గరికి రానివ్వకు. కండలు వస్తాయేమోగానీ వీర్యకణాల కౌంట్ సున్నాకి పడిపోవచ్చు.

చెల్లెమ్మ రక్తపరీక్షలో ఏఎమ్‌హెచ్ అనే హార్మోన్ తక్కువొచ్చిందని ఏడుస్తోందన్నావు. ఆ నంబరు మందులు వాడితే ఎన్ని అండాలు రావచ్చో ఒక అంచనా ఇస్తుంది, అంతే. అండాల నాణ్యత సంగతి అది చెప్పదు, దానికి ఎక్కువగా వయసే లెక్క. నెలనెలా సరిగ్గా అండం విడుదలయ్యేవాళ్ళకి మామూలుగా గర్భం రాదని కూడా అది చెప్పదు. ఇది నువ్వు చెప్పకు, డాక్టరు చేతే చెప్పించు, నీ మాట నమ్మదు.

క్లినిక్‌లో ఏది రాసినా ఒకటే అడుగు: "దీనివల్ల మీరు చేసే వైద్యంలో ఏం మారుతుంది?" ఏమీ మారదంటే ఆ టెస్టు ఎందుకు? మేం వెళ్ళిన ఒకచోట సక్సెస్ రేటు అని పెద్ద అంకె చెప్పారు. మా ఆవిడ నెమ్మదిగా "అది గర్భపరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్ళ లెక్కా, బిడ్డ పుట్టినవాళ్ళ లెక్కా, ఏ వయసువాళ్ళది?" అనడిగితే ఆయన ఫైలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఇక్సీ, అంటే ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించడం, దాని సంగతీ అంతే. 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు ప్రపంచానికి చెప్పిన ఆ పద్ధతి ముఖ్యంగా మగవాళ్ళ సమస్యకే పనికొస్తుంది, నీ కౌంట్ బాగుండి కూడా ఇక్సీయే అంటే ఎందుకో చెప్పించుకో. పిండం బాగా అతుక్కుంటుందని గర్భాశయం లోపలి పొరని గీకడం అని ఇంకోటి అంటగట్టేవాళ్ళు. 2019లో 1364 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్షలో దానివల్ల ఉపయోగం కనిపించలేదు.

ఐవీఎఫ్, అదే అండాలు బయటికి తీసి ల్యాబ్‌లో వీర్యకణాలతో కలిపే పద్ధతి, ఎలా ఉంటుందని అడిగావుగా. అండాలు ఎక్కువ పెరగడానికి రోజూ ఇంచుమించు ఒకే వేళకి పొట్ట మీద ఇంజెక్షన్, అది నేర్చుకోవడం నీ పని. మందు పౌడర్‌లో దాంతోపాటు ఇచ్చిన నీళ్ళు కలిపేటప్పుడు ఊపకు, నురగ వస్తుంది, మెల్లగా తిప్పు. ఒకరోజు ఎడమ, ఒకరోజు కుడి. రెండు మూడు రోజులకోసారి స్కాన్. చీకటి గదిలో డాక్టరు అండాలు పెరిగే సంచుల సైజు "పన్నెండు, పధ్నాలుగు, పధ్నాలుగున్నర" అని మిల్లీమీటర్లలో చదువుతుంటే నర్సు రాసుకుంటూ ఉంటుంది, నువ్వు ఆ అంకెలకే గుడ్లప్పగించి చూస్తుంటావు. పెద్దవి 18 దగ్గరికొచ్చాక అండాలు చివరిగా పక్వం కావడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్, అది మాత్రం చెప్పిన నిమిషానికే వెయ్యాలి, ఎందుకంటే అక్కణ్ణుంచి 36 గంటలు లెక్కగట్టి అండాలు తీస్తారు. తర్వాత పొట్ట బాగా ఉబ్బి, మూత్రం తగ్గి, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఫోన్ చెయ్.

అండాలు తీసిన మర్నాడు ల్యాబ్ నుంచి ఫోన్ వస్తుంది. దీనికి ఇప్పుడే సిద్ధపడు. తీసిన అండాలన్నీ పక్వమైనవి కావు, పక్వమైనవన్నీ ఫలదీకరణం కావు, అయినవాటిలో ఐదో రోజుకి సగం మిగిలితే బాగున్నట్టే. అంకె తగ్గిన ప్రతిసారీ ఎవరో మోసం చేసినట్టుంటుంది, కానీ శరీరంలో అయినా ఇలాగే రాలిపోతాయి, కాకపోతే మనకి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. అన్నట్టు, 1978లో పుట్టిన మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ ఈ ఇంజెక్షన్లేవీ లేకుండా ఒకే ఒక్క అండంతో పుట్టింది. ఒక్కటొచ్చినా పనికొస్తుందని చెల్లెమ్మకి చెప్పు, అయితే దాన్నే పట్టుకుని వేలాడొద్దు.

పిండాన్ని లోపల పెట్టాక మంచం దిగొద్దని పదిమంది చెప్తారు. నడిస్తే జారిపోదురా, పడుకున్నందువల్ల లాభమూ లేదు. ఆ రోజుల్లో గర్భం నిలవడానికి వాడే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌కే రొమ్ములు నొప్పి, కడుపుబ్బరం, నీరసం వస్తాయి, కాబట్టి లక్షణాలు చూసి జోస్యం చెప్పుకోవద్దు. ఇంట్లో తొందరపడి గర్భపరీక్ష స్ట్రిప్ పెట్టుకుంటే, అది వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోన్నే కాబట్టి, హెచ్‌సీజీ ట్రిగ్గర్ మిగులు వల్ల కూడా గీత పడొచ్చు. రక్తపరీక్ష తేదీదాకా ఆగండి. మా మొదటిసారి ఏమైందో నీకు తెలుసు, మళ్ళీ రాయను.

ఇంకొక్క సంగతి, ఎవరూ ముందు అడగనిది. మొదలుపెట్టకముందే ఎక్కడ ఆపాలో మీరిద్దరూ మాట్లాడుకోండి. ఎన్నిసార్లు ఐవీఎఫ్, ఎంత డబ్బు, దాత అండం లేదా వీర్యం అయితే ఒప్పుకుంటారా, మిగిలిన పిండాలు ఏం చేస్తారు. తర్వాత మార్చుకోవచ్చు, కానీ ఫెయిలైన సాయంత్రం కూర్చుని మాట్లాడే విషయం కాదది. మా ఇద్దరి లెక్కలూ వేరువేరుగా ఉన్నాయని అప్పుడే బయటపడింది, ఒక రాత్రంతా వాదించుకున్నాం, అదే మంచిదైంది.

చుట్టాలకి ఎవరు సమాధానం చెప్పాలో కూడా తేల్చుకోండి. మీ వైపువాళ్ళు అడిగితే నువ్వే చెప్పాలి, చెల్లెమ్మ మీదకి తొయ్యకు. సోమవారం ల్యాబ్‌కి వెళ్ళి వచ్చాక ఫోన్ చెయ్.

నీ
పాత రూమ్మేట్